బీరువా ఒక్కటి తప్ప

డాక్టరమ్మ చెప్పిన తేదీ వచ్చింది, పోయింది. ఆ సంగతి నా కడుపులో ఉన్న బిడ్డకు ఎవరూ చెప్పినట్టు లేదు. చండ్రుగొండ దాటి అడవి వైపు లోపలికి ఉండే మా ఊళ్ళో మాత్రం అందరికీ తెలుసు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్లను చూసి పోవడం మర్యాద కదా, వచ్చేవాళ్ళు. వచ్చి నా ముఖం వదిలేసి పొట్ట వైపు చూసి, ఇంకా కాలేదా అని అడిగేవాళ్ళు. కాలేదని కనబడుతూనే ఉంది. అయినా అడిగేవాళ్ళు. మిరప తోటల్లో కూలికి పోయేవాళ్ళు పొద్దున ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి. నేనేదో మొండికేసి కనకుండా కూర్చున్నానన్నట్టు ఉండేది వాళ్ళ చూపు.

ఆలస్యమైందంటే మగపిల్లాడేనని ఎదురింటావిడ తేల్చేసింది. ఆడపిల్లలు గబగబా వచ్చేస్తారట, మగవాళ్ళు తీరిగ్గా వస్తారట. వాడింకా పుట్టకముందే బద్ధకం వాడి హక్కయిపోయింది.

వైద్యాలకు కొదవ లేదు. పాలలో ఆముదం కలిపి తాగించారు. అది పని చేసింది గానీ, చేయవలసిన చోట కాదు. జీలకర్ర కషాయం పోశారు. వంగి లేస్తే నొప్పులు వస్తాయని నానమ్మ చేటెడు పెసలు వాకిట్లో పారబోసి ఒక్కొక్కటే ఏరమంది. నేను వంగేలోపల కోళ్ళు ఏరేశాయి. నానమ్మ కోళ్ళను తిట్టకుండా నన్ను తిట్టింది.

ఇప్పుడు నవ్వులాటగా చెబుతున్నాను గానీ అప్పుడు నాకు చచ్చేంత భయంగా ఉండేది. అంతకుముందు పక్కటెముకల కింద తన్ని తన్ని నన్ను నిద్రపోనివ్వని బిడ్డ మెల్లబడింది. కదులుతోంది, కానీ మునుపటిలా కాదు. కొత్తగూడెం తీసుకుపోతే డాక్టరమ్మ పొట్ట మీద గొట్టం పెట్టి విని, ఇంక ఆగడం మంచిది కాదంది. మర్నాడు పొద్దున్నే రమ్మంది. సెలైన్‌లో మందు కలిపి నొప్పులు తెప్పిస్తామని, గడువు దాటిన బిడ్డ లోపల అలిసిపోతుందని చెప్పింది. ఆ అలిసిపోవడం అనే మాట బస్సులో ఇంటిదాకా నాతోనే వచ్చింది.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన ఎర్రజెండా మనిషి. దేవుడు లేడు, దయ్యం లేదు, సొంత ఆస్తి అసలే ఉండకూడదు అని టీ కొట్టు బల్ల మీద కూర్చుని గంటలకొద్దీ చెప్పేవాడు. చేతబడి, సోది అని ఎవరైనా అంటే వాళ్ళ పని అయిపోయినట్టే. ఊళ్ళో ఆడవాళ్ళకు రాత్రిబడి పెట్టి సంతకాలు నేర్పింది కూడా ఆయనే. అమ్మకూ అక్కడే వచ్చింది పేరు రాయడం. కానీ ఇంట్లో సంతకం పెట్టే పని ఎప్పుడు పడినా, నేనున్నా కదా, నీకెందుకు అనేవాడు. ఇక సొంత ఆస్తి ఉండకూడదన్న ఆ మనిషి బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. స్నానానికి పోయినా అది విప్పేవాడు కాదు. అందులో పొలం కాగితాలు, అమ్మ నగలు ఉండేవి. అమ్మ నగలు అమ్మకు కావాలంటే కూడా ఆయన్నే అడగాలి.

తెల్లవారి మేము ప్రయాణమవుతుంటే నానమ్మ తన పని మొదలుపెట్టింది. కాన్పు కష్టమైతే ఇంట్లో మూసినవన్నీ తెరవాలి, ముడివేసినవన్నీ విప్పాలి, అప్పుడు గర్భం కూడా తెరుచుకుంటుందని ఆమె నమ్మకం. నేను ఆస్పత్రికని చించి మూట కట్టుకున్న పాత చీరల గుడ్డలను ముందు విప్పింది. తర్వాత నా జడ విప్పింది. ట్రంకు పెట్టెలు, ఉప్పు కుండ, వడ్ల గాదె, అన్నిటి మూతలూ తీసింది. ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ కూడా విప్పేసింది. దొడ్లోకి పోయి బర్రెల పలుపులు విప్పింది. పురుళ్ళ సంగతి వాటికి తెలియదు. అవి నేరుగా పక్కవాళ్ళ జొన్నచేలోకి నడిచాయి.

చివరికి బీరువా ముందు నిలబడి నానమ్మ చెయ్యి చాపింది. నాయన తాళంచెవి ఇవ్వలేదు.

"బిడ్డ కడుపుల ఉన్నదా, బీరువల ఉన్నదా?" అన్నాడు.

"అన్నీ తెరిచి గదొక్కటి మూసి పెడితె ఏం లాభంరా?" అంది నానమ్మ.

మూఢనమ్మకాల మీద చిన్న ఉపన్యాసం జరిగింది. నాయనకు సిద్ధాంతం అడ్డొచ్చిందో, నగలు అడ్డొచ్చాయో నాకైతే అనుమానమేమీ లేదు. బర్రెల వెనక నానమ్మను వదిలేసి అమ్మ, నాయన, నేను బస్సెక్కాం. జుట్టు విరబోసుకుని, ఆ పొట్టతో నేను ఎక్కేసరికి ముందు సీటులో ఉన్న ఇద్దరు గబుక్కున లేచి వెనక్కి పోయారు. పట్టిన దయ్యాన్ని వదిలించుకోవడానికి పోతున్నాననుకున్నట్టున్నారు.

ఆస్పత్రిలో నర్సమ్మ ఎనిమా ఇచ్చింది. నా జుట్టు చూసి ఇదేం అవతారమని కసిరి, రెండు జడలు బిగించి అల్లి గాజుగుడ్డ ముక్కలతో గట్టిగా ముడి వేసింది. నానమ్మ పొద్దుటి కష్టం సగం అక్కడే గంగలో కలిసింది. అమ్మ ఆ ముడుల వైపే చూస్తూ కూర్చుంది. సెలైన్ బాటిలు వేలాడదీశారు. చుక్క తర్వాత చుక్క పడుతోంది. నొప్పులు మొదలయ్యాయి, పెరిగాయి, కానీ బిడ్డ కిందికి దిగడం లేదు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చి గొట్టం పెట్టి వింది. మళ్ళీ వింది. ఆమె ముఖం మారింది. నేను ఆ ముఖం చూసి, అరవడం మానేశాను.

గుండె కొట్టుకోవడం తగ్గుతోందని, ఇంకాసేపు చూసి ఆపరేషన్ చేయాల్సి రావచ్చని ఆమె వరండాలోకి పోయి నాయనతో చెప్పింది. కాసేపటికి నర్సమ్మ సంతకం కోసం కాగితం పట్టుకుని బయటికి పోయింది. నాయన లేడు. అమ్మ టీ బండి దగ్గర చూసింది, గేటు బయట చూసింది. నా భర్త ఉద్యోగం చేసే ఊరికి కబురు అందడానికే ఒక పూట పడుతుంది. లోకమంతా మారాలని చెప్పే మనిషి, కూతురు చావుబతుకుల్లో ఉంటే ఎక్కడికి పోయాడో తెలియదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చిన కోపం ఆ నొప్పులను కూడా మించింది.

"సంతకం పెట్టే మగవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేను పెడ్త" అంది అమ్మ.

కాగితాన్ని నా మంచం అంచున పెట్టుకుని, పెన్ను బలపంలా పట్టుకుని, ఒక్కో అక్షరం గీసింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. రాసిన పేరును అమ్మ ఒకసారి వేలితో తాకి చూసుకుని ఇచ్చేసింది.

ఆపరేషన్ గది సిద్ధం చేస్తుండగానే నొప్పి ఒకటి నన్ను రెండుగా చీల్చినట్టు వచ్చింది. డాక్టరమ్మ మనసు మార్చుకుంది. నన్ను తిట్టి, బతిమాలి, మళ్ళీ తిట్టి, చివరికి ఆమే లాగింది. బిడ్డ నీలంగా ఉంది. ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి కొట్టారు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఏడ్చింది. మగపిల్లాడు కాదు. బద్ధకం హక్కు లేకుండానే అంత ఆలస్యంగా వచ్చిన ఆడపిల్ల.

దీపాలు పెట్టే వేళకు నాయన వచ్చాడు. చొక్కా నిండా బొగ్గు దుమ్ము. బిడ్డను చూశాడు, నన్ను చూశాడు. ఎక్కడికి పోయావయ్యా అని అమ్మ అడిగితే ఇక్కడనే అన్నాడు. అమ్మ ఆయన చొక్కా వైపు చూసి, బిడ్డ వైపు తిరిగింది.

ఇంటికి వచ్చిన రోజు గానీ సంగతి బయటపడలేదు. నడింట్లో బీరువా బార్లా తెరిచి ఉంది. పట్టుచీరలు కిందికి జారి ఉన్నాయి, లోపలి చిన్న అర కూడా తెరిచే ఉంది, దానికి తాళంచెవి వేలాడుతోంది. నానమ్మ వాటికి వేటికీ చెయ్యి తగలనివ్వకుండా కాపలా కాసిందట. ఆనాడు నాయన బొగ్గు లారీ ఎక్కి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా బీరువా తెరిచి, వచ్చిన దారినే పరుగెత్తాడని చెప్పింది. తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాడట. అందుకే బిడ్డ బతికి బయటపడిందని వచ్చినవాళ్ళందరికీ వినిపిస్తోంది. నేను లెక్క వేసుకున్నాను. నా కూతురు ఏడ్చే వేళకు ఆయన ఇంకా లారీలోనే ఉండి ఉండాలి. నానమ్మకు అలాంటి లెక్కలతో పని లేదు.

నాకు ఇన్నాళ్ళకు ఒక అవకాశం దొరికింది. వదులుకోదలచుకోలేదు.

"బిడ్డ కడుపుల ఉన్నదా, బీరువల ఉన్నదా నాయనా?" అని అడిగాను.

ఉపన్యాసం వస్తుందనుకున్నాను. ఆయన నా ఒళ్ళో ఉన్న బిడ్డ పాదం మీద వేలు పెట్టాడు.

"ఏం చేయాల్నో తెల్వలేదు బిడ్డా" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. నా కళ్ళు చూసి ఆయన కళ్ళూ నిండాయి. అమ్మ మాత్రం ఏడవలేదు. జారిన చీరలు మడతపెట్టి లోపల సర్దుతోంది.

"సంతకం పెట్టాలె. నేను పెట్టిన" అంది, ఆయన వైపు తిరగకుండానే.

అర మూసింది, బీరువా మూసింది, తాళం వేసింది. తాళంచెవి తీసి తన కొంగుకు ముడి వేసుకుంది. నాయన చెయ్యి అలవాటుగా మొలతాడు దాకా పోయి ఆగిపోయింది. ఆ తాళంచెవి ఇవ్వమని ఆయన ఆ రోజు అడగలేదు, తర్వాత కూడా అడగలేదు.