ప్రిసిల్లా అన్న ఆఖరి మాట

పద్మినికి ఆరు భాషల్లో పాటలు వచ్చు. చదవడం, రాయడం మాత్రం ఒక్క హిందీలోనే. ఆమె తండ్రి గవరయ్య శ్రీకాకుళం తీరం నుంచి పడుచు వయసులోనే పోర్ట్ బ్లెయిర్ వచ్చి, రంపపు మిల్లులో దుంగలు దొర్లించే పనికి కుదిరి, డాలీగంజ్‌లో ఇల్లు వేసుకున్నాడు. ఆ ఇంట్లో తెలుగు, వీధిలోకి వస్తే హిందీ. కుడిపక్కన బెంగాలీవాళ్ళు, ఎడమపక్కన తమిళులు. పిల్ల గోడ మీద కూర్చుని ఎవరింట్లో ఏ పాట వినిపిస్తే అది పట్టేసేది.

పెద్దయ్యాక ఆర్కెస్ట్రాలో చేరింది. పెళ్ళిళ్ళకి, దుర్గా పూజలకి, మురుగన్ గుడి ఉత్సవాలకి హార్మోనియం వాయిస్తూ పాడేది. పాట ఏ భాషదైనా నోట్‌బుక్‌లో హిందీ అక్షరాల్లోనే రాసుకునేది. తెలుగు పాటక్కూడా అంతే. హిందీలో దొరకని శబ్దాలకి తనే చుక్కలు, గీతలు కల్పించుకుంది.

"ఏటే అమ్మీ, అర్థం తెలీకుండా ఎలా పాడేస్తావే?" అని గవరయ్య అడిగేవాడు.

"పాట ముందొచ్చేస్తుంది నానా. అర్థం తర్వాత మెల్లగా వస్తుంది."

ఆ మాట అప్పటికి నిజమే. బెంగాలీ అలాగే వచ్చింది, తమిళం అలాగే వచ్చింది.

2003లో కార్ నికోబార్ దీవిలో ఒక బడికి సంగీతం టీచరు కావాలంటే కాంట్రాక్ట్ మీద వెళ్ళింది. రాత్రంతా ఓడలో వాంతులు చేసుకుని, ఉదయం హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టుకుని రేవులో దిగింది. అక్కడే పరిచయమైంది ప్రిసిల్లా. ఊరి చర్చిలో పాటలు నడిపించే మనిషి, పద్మినికన్నా రెండేళ్ళు పెద్దది. నలభైమందిని నాలుగు వరసల్లో నిలబెట్టి, చెయ్యి ఎత్తి దించేదంతే. నాలుగు గొంతుల దారులూ ఎక్కడో దూరంగా వెళ్ళి ఒకచోట కలిసేవి. మొదటి ఆదివారం అది విని పద్మిని చర్చి మెట్ల మీద కూలబడిపోయింది. ఆర్కెస్ట్రాలో మైకు పెట్టుకుని పాడినదంతా ఎందుకూ పనికిరానిదనిపించింది.

ఇద్దరూ హిందీలో మాట్లాడుకునేవాళ్ళు. ఒక పాట నాది, ఒక పాట నీది అని ఒప్పందం. పద్మిని వాళ్ళమ్మ పాడిన తెలుగు ఊయల పాట ప్రిసిల్లా నేర్చుకుంది. పద్మిని పదకొండు నికోబారీ పాటలు నేర్చుకుంది. ఆ భాషలో కొన్ని శబ్దాలు గొంతులోనే పుట్టి గొంతులోనే ఆగిపోతాయి. వాటికి నోట్‌బుక్‌లో కొత్త గుర్తులు పెట్టుకుంది.

"మాటలు కూడా నేర్చుకో," అంది ప్రిసిల్లా ఒకసారి. "పాటలొక్కటే ఏం చేసుకుంటావు?"

"నేర్చుకుంటాలే దీదీ. ఎక్కడికి పోతాను?"

2004 క్రిస్మస్‌కి పద్మిని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళలేదు. పండగ పాటలున్నాయని ఉండిపోయింది. ఇరవై ఐదున పొద్దుపోయేదాకా పాటలే. ప్రిసిల్లా తల్లి హన్నా ఆ సాయంత్రమే దీవి లోపల తోటలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళింది. పద్మిని ప్రిసిల్లా ఇంట్లోనే పడుకుంది.

తెల్లవారాక నేల కదిలింది. స్తంభాల మీద కట్టిన ఇల్లు ఊగిపోయింది. నిచ్చెన విరిగి ప్రిసిల్లా కింద పడింది, చీలమండ దగ్గర కాలు బెణికింది. కుదుపు ఆగాక ఊరంతా బయట నిలబడి ఒకరినొకరు లెక్కచూసుకుంటుంటే, ఒడ్డు వైపు నుంచి మగవాళ్ళు అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. ఏం అరిచారో పద్మినికి అర్థం కాలేదు. జనం పరుగెడుతుంటే తనూ పరుగెత్తింది. ప్రిసిల్లా చెయ్యి పట్టుకునే పరుగెత్తింది. కొబ్బరి చెట్ల మధ్య దారి సన్నగా ఉంది. ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఎక్కడో చెయ్యి జారింది. తను వదిలిందో, ప్రిసిల్లా వదిలిందో, ఆ ఒక్కటి ఆమెకి ఎప్పటికీ తెలియలేదు.

వెనక నుంచి ప్రిసిల్లా ఒక మాట అరిచింది. హిందీ కాదు. రెండేళ్ళుగా పద్మినితో హిందీలోనే మాట్లాడిన మనిషికి ఆ క్షణంలో హిందీ గుర్తురాలేదు.

పద్మిని వెనక్కి తిరిగి చూసింది. ప్రిసిల్లా ఒక చెట్టుని పట్టుకుని నిలబడి ఉంది. రెండో చెయ్యి పైకెత్తి ఉంది. ఆమె వెనకాల చెట్ల మధ్య నల్లటి నీళ్ళు, నీళ్ళకన్నా ముందు విరిగిన ఇళ్ళ చెక్కలు. పద్మిని ముందుకు తిరిగి పరుగెత్తింది.

మిగిలినవాళ్ళు లోపలి అడవిలో నాలుగు రోజులు కొబ్బరినీళ్ళు తాగి బతికారు. తర్వాత విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేర్చారు. గవరయ్య శిబిరాలన్నీ తిరిగి కూతుర్ని వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రిసిల్లా దొరకలేదు. ఆ ఊళ్ళో చాలామంది దొరకలేదు. అసలు ఊరే లేదు. ఊరున్నచోట సముద్రం ఉందని చెప్పారు.

ఆ మాట మాత్రం పద్మిని చెవిలో ఉండిపోయింది. మొదటి ముక్క కింద నుంచి పైకి లేస్తుంది, రెండో ముక్క గొంతులో టక్కున మూసుకుంటుంది. ఒకసారి విన్న స్వరాన్ని మరిచిపోలేని చెవి ఆమెది. అంతవరకూ దానివల్లే ఆమె బతుకు నడిచింది. ఇప్పుడు హార్మోనియం ముందు కూర్చుని మెట్ల మీద వేళ్ళు పెడితే, రెండు స్వరాల మధ్య సందులోంచి ఆ మాట వినబడేది. చేపల బజారులో బెంగాలీ ఆవిడ కేకలో వినబడేది. వండూర్ బస్సు కండక్టరు 'రుకో, రుకో' అని అరుస్తుంటే ఆ అరుపు కిందనుంచి వినబడేది. ఒకసారి పెళ్ళిలో పాట మధ్యలో ఆపేసి, మైకు కిందపెట్టి దిగిపోయింది. మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఆమె వెళ్ళలేదు కూడా.

శిబిరంలో నికోబారీవాళ్ళు వందలమంది ఉన్నారు. ఆ మాటకి అర్థమేమిటని వాళ్ళలో ఎవరిని అడిగినా క్షణంలో చెబుతారు. గవరయ్యకి అదే అర్థమయ్యేది కాదు.

"అడిగెయ్యొచ్చు కదే అమ్మీ. ఏటి అడ్డం?"

"అడిగితే సెప్పేస్తారు నానా," అంది పద్మిని.



'పరుగెత్తు' అని అరిచి ఉంటుందని పద్మిని పగలంతా తనకి తాను చెప్పుకునేది. పైకెత్తిన చెయ్యి 'వెళ్ళు, వెళ్ళు' అన్నట్టే ఉంది. అలా అనుకున్నంతసేపూ అన్నం లోపలికి దిగేది. నడుం వాల్చి కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యే ఇంకోలా కనిపించేది.

2006 మొదట్లో కార్ నికోబార్‌లో రేకుల షెడ్డులో బడి తెరిచారని, పాత టీచర్లు రావచ్చని కబురొచ్చింది. వద్దని తండ్రి ఎంత చెప్పినా వినలేదు. ఒక ఉపాయం పెట్టుకుని వెళ్ళింది. ఆ ఒక్క మాట ఎవరినీ అడగకూడదు. భాషంతా నేర్చుకోవాలి. ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట దానంతటదే ఎదురొస్తుంది. అప్పటికి తను ఆ భాషలో నిలబడగలిగి ఉంటే, దాన్ని మొయ్యగలదేమో.

హన్నా రేకుల గుడిసెలో కొడుకు కుటుంబంతో ఉంటోంది. పద్మినిని చూసి లోపలికి రమ్మంది, టీ ఇచ్చింది. కూతురి గురించి ఏమీ అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

"మీ మాటలు నేర్పుతారా అమ్మా?" అని పద్మిని హిందీలో అడిగింది.

"ఎందుకు? మేమంతా హిందీ మాట్లాడతాం కదా."

"ప్రిసిల్లా దీదీ నేర్చుకోమంది."

హన్నా పొయ్యి వైపు వేలు చూపించి ఒక మాట చెప్పింది. పద్మిని తిరిగి చెప్పింది. అలా మొదలైంది. పొగ, తాడు, పంది, కొబ్బరి చిప్ప, నిన్న, మొన్న. ఈసారి పాట లేదు. ఉత్త మాటలే. ఇన్నాళ్ళూ భాషలు ఆమెలోకి రాగం పట్టుకుని వచ్చేవి. ఇది మాత్రం రాళ్ళు ఏరుకున్నట్టు ఒక్కొక్కటే ఏరుకోవాల్సి వచ్చింది. తాను అర్థం తెలియకుండా నేర్చిన పదకొండు పాటల్లోని మాటలు మధ్యమధ్యలో తగిలేవి. 'ఓహో, దీనికి అర్థం ఇదా' అనుకునేది. ఆ మాట మాత్రం ఏ పాటలోనూ లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. పద్మిని వంకరటింకరగా మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం వాన వెలిశాక హన్నా గుడిసెలోంచి బయల్దేరి బడి వైపు నడుస్తోంది. వెనక నుంచి హన్నా పిలిచింది. పెద్దగా ఏమీ కాదు, మామూలు గొంతుతో, ఒకే ఒక్క మాట. మొదటి ముక్క కింద నుంచి పైకి లేచింది. రెండోది గొంతులో మూసుకుంది.

పద్మిని నిలబడిపోయింది.

హన్నా మెల్లగా నడుచుకుంటూ వచ్చి, మరిచిపోయిన గొడుగు ఆమె చేతిలో పెట్టింది.

ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆగు. అంతే. ఇళ్ళ ముందు జనం రోజుకి పదిసార్లు అనే మాట. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు చెవిన పడకుండా పోయిందో, లేక పడనివ్వలేదో.

"ఏమైంది?" అని హన్నా అడిగింది.

పద్మిని హిందీలో చెప్పి ఉండొచ్చు. హిందీ వెనకాల దాక్కోవడం తేలికే. ఆమె నికోబారీలోనే మొదలుపెట్టింది. దారి అంది. చెట్లు అంది. ప్రిసిల్లా కాలు నొప్పి అంది. నీళ్ళు అంది. ఈ మాట నన్ను చూసి అరిచింది అంది. నేను ఆగలేదు అంది. చిన్నపిల్ల మాట్లాడినట్టు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. దాచుకోడానికి, సర్దిచెప్పడానికి కావలసినంత భాష ఆమెకి ఇంకా రాలేదు.

హన్నా చివరిదాకా విన్నది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పన్నెండు రోజులు ఆ తలుపు పద్మినికి తెరుచుకోలేదు. కొడుకు బయటికొచ్చి, అమ్మ పడుకుందని హిందీలో చెప్పి పంపేసేవాడు. వెళ్ళిపోదామని పద్మిని ఓడ టికెట్టు కోసం పేరు రాయించుకుంది కూడా.

పదమూడో రోజు బడిలో పిల్లలకి స్వరాలు చెబుతుండగా హన్నా వచ్చి గుమ్మంలో నిలబడింది. పిల్లల్ని ఆటకి పంపి పద్మిని లేచి నిలబడింది. ఏం తిట్టినా పడడానికి సిద్ధపడి, తల వంచుకుంది.

"ఎలా అరిచింది?" అని హన్నా అడిగింది.

"అమ్మా?"

"మాట తెలుసు. ఎలా అరిచిందో చెప్పు. నీకు విన్నది విన్నట్టు వస్తుందని అది చెప్పేది."

రెండేళ్ళుగా ఆ అరుపు ఆమె లోపలే తిరిగింది, ఒక్కసారీ నోటి బయటికి రానివ్వలేదు. వద్దని చెప్పబోయింది. హన్నా కళ్ళు చూసి చెప్పలేకపోయింది. ఊపిరి పీల్చి అరిచింది. అదే స్థాయి, అదే బరువు, చివర్లో అదే చీలిక.

బయట ఆడుకుంటున్న పిల్లలు ఆగిపోయి ఇటు చూశారు.

హన్నా గోడ పట్టుకుంది. కాసేపటికి, "దాని గొంతు అంత పైకి వెళ్ళేది కాదు," అంది. ఇంకాసేపాగి, "భయపడింది," అంది. ఆ తర్వాత, "మళ్ళీ అను," అంది.

పద్మిని మళ్ళీ అంది.

ఓడ టికెట్టు వద్దనుకుంది. హన్నా ఆ తర్వాత కూడా వచ్చేది. నెలకోసారి, ఒక్కోసారి ఆదివారం చర్చి అయ్యాక. వచ్చి కూర్చుని, వాతావరణం గురించీ పందుల గురించీ మాట్లాడి, లేవబోయే ముందు అడిగేది. పద్మిని అనేది. ఆ ముసలామెకి అది ఊరటో, పుండు కెలుక్కోవడమో పద్మినికి అర్థమయ్యేది కాదు. క్షమించానని హన్నా ఎప్పుడూ అనలేదు. పద్మిని అడగలేదు. మాటల పాఠం మాత్రం మళ్ళీ మొదలైంది. హన్నా ఇప్పుడు ఓపిగ్గా తప్పులు దిద్దేది, పాత మాటలు, చుట్టాల వరసలు, చేపల పేర్లు, తన చిన్ననాటి సంగతులు చెప్పేది. పద్మిని పిల్లలతో మళ్ళీ పాడించసాగింది, నాలుగు వరసల్లో. తను మాత్రం ఏ వరసలోనూ నిలబడేది కాదు. చెయ్యి ఎత్తి దించేది.

హన్నా 2013లో జ్వరంతో పోయింది. ఆఖరి రోజున కూడా అడిగింది. ఆ ఒక్కరోజు పద్మిని అరవలేదు. మెల్లగా, చెవి దగ్గర, గొడుగు ఇవ్వడానికి పిలిచినట్టు అంది. హన్నా అలాగే వింటూ ఉండిపోయింది.

తర్వాత రెండేళ్ళకి తండ్రికి చూపు మందగించడంతో పద్మిని పోర్ట్ బ్లెయిర్ వచ్చేసింది. డైరీ ఫార్మ్‌లో రెండు గదుల ఇంట్లో పిల్లలకి సంగీతం చెబుతోంది. పెళ్ళి చేసుకోలేదు. తెలుగు రాయడం కూడా ఈమధ్యే మొదలుపెట్టింది, తండ్రి అక్షరం అక్షరం చెబుతుంటే.

మొన్నామధ్య గవరయ్యని కంటి పరీక్షకి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వరండాలో నికోబారీ నర్సు ఒకామె ఫోనులో మాట్లాడుతూ కనిపిస్తే, ఆమె ఫోను పెట్టాక పద్మిని ఆ భాషలోనే పలకరించింది, డాక్టరు గది ఎటు అని. ఆ పిల్లకి పాతికేళ్ళు ఉంటాయి. దారి చూపించకుండా పద్మిని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"మీరు తెలుగువాళ్ళలా ఉన్నారు. ఈ యాస ఎక్కడిది?"

"ఏమైంది? తప్పుగా మాట్లాడానా?"

"తప్పు కాదు. మా అమ్మమ్మ ఇలా మాట్లాడేది. వాళ్ళ ఊరి ముసలివాళ్ళంతా ఇలాగే మాట్లాడేవాళ్ళు." నర్సు గొంతు తగ్గించింది. "ఆ ఊరు లేదు కదా దీదీ. మీకెవరు నేర్పారు?"

పద్మిని చెప్పింది. హన్నా పేరు చెప్పింది, ఆవిడ కూతురి పేరు చెప్పింది. నర్సు పక్కన బల్ల మీద కూర్చుంది. డాక్టరు గదిలోంచి గవరయ్య పేరు పిలిచారు. ఆయన చెయ్యి చాచి కూతురి భుజం వెతుక్కుంటున్నాడు.

"వెళ్ళి చూపించుకుని రండి," అంది నర్సు. "వచ్చాక కాసేపు మాట్లాడతారా? ఏదైనా పర్లేదు. ఊరికే మాట్లాడండి."