మాస్టారి ఆదివారం దగ్గు

ఫిజిక్సు మాస్టారికి వారమంతా లేని దగ్గు ఆదివారం చర్చిలో వచ్చేది. అందరూ లేచి విశ్వాస ప్రమాణం చెబుతూ ఉంటారా, సరిగ్గా ప్రభువు ఆకాశానికెక్కి తండ్రి కుడివైపు కూర్చున్నాడనే చోట మాస్టారి గొంతుకు ఏదో అడ్డుపడేది. ఆ వాక్యం దాటగానే ఇట్టే తగ్గిపోయేది. పాపం, ఏం చేస్తాడు మరి! శుక్రవారం పిల్లలకు నక్షత్రాల దూరాలు చెప్పి, ఆదివారం వచ్చి ఆకాశంలో కుడివైపు ఎటో తెలిసినట్టు మొహం పెట్టడానికి మనసొప్పదు. అలాగని చర్చి మానేయడానికీ ఒప్పదు. దేవుడంటే పైన కూర్చున్న పెద్దమనిషి కాదనీ, ఒకరి కోసం ఒకరం బతకడానికి మనం పెట్టుకున్న పేరనీ ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు. ప్రార్థన మాత్రం ఒక్క పూటా మానలేదు.

ఈ సంగతి తెలియని చర్చి ఆడవాళ్ళు ఆయన ఊపిరితిత్తుల గురించి తెగ బెంగపెట్టుకున్నారు. ఒకావిడ దగ్గు బిళ్ళలు తెచ్చిచ్చేది. ఇంకొకావిడ ఏకంగా ఉపవాసమే ఉంది. పక్కనే నిలబడే భార్యకు అసలు విషయం తెలుసు. ఆవిడ ఏనాడూ నోరు మెదపలేదు.

ఇలా గుట్టుగా సాగిపోతుండగా, తన పసిబిడ్డ బాప్తిస్మానికి సాక్షిగా నాన్నే నిలబడాలని కూతురు పట్టుబట్టింది. ఆ చర్చిలో సాక్షి బిడ్డనెత్తుకుని విశ్వాస ప్రమాణమంతా ఒక్కడే పైకి చెప్పాలి. అక్కడ దగ్గితే కుదరదు. కాదంటే కూతురి మనసు విరిగిపోతుంది. సరేనంటే చేతుల్లో పసిపిల్లను పెట్టుకుని అబద్ధమాడాలి. మాస్టారికి ముద్ద దిగడం మానేసింది.

బాప్తిస్మానికి ముందురోజు పాస్టరుగారు ఇంటికొచ్చారు. భార్య ఇద్దరికీ టీ అందిస్తుండగానే మాస్టారు గుండె చిక్కబట్టుకుని ఉన్నదంతా కక్కేశాడు. పాస్టరుగారు కప్పు కింద పెట్టి నవ్వారు.

"మీరు నయం మాస్టారూ, దగ్గుతారు. నా ముందు మైకుంటుంది."

మాస్టారు నోరెళ్ళబెట్టాడు. మరి వారం వారం ఎలా చెప్పగలుగుతున్నారని అడిగాడు.

"పైన ఏముందో నాకు తెలుసని చెప్పట్లేదండీ. ఇలా బతుకుతానని మాటిస్తున్నాను. మాటివ్వడానికి ఎదురుగా ఒక మనిషుంటే చాలు కదా."

మర్నాడు మాస్టారు పైకి చూడలేదు. మనవరాలి మొహంలోకే చూస్తూ, ఆ చిట్టి దొరసానితో ఒప్పందం చేసుకుంటున్నట్టు, ఒక్క మాటా మింగకుండా చెప్పాడు. కుడివైపు దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల ఆయన కళ్ళజోడు పట్టి లాగింది. అయినా ఆయన ఆగలేదు. ఉపవాసం ఉన్నావిడ తన ప్రార్థన ఫలించిందని పక్కవాళ్ళకు చెప్పుకుని కళ్ళొత్తుకుంది. కూతురి సంతోషం ఇంతా అంతా కాదు. మాస్టారికీ చాలా ఏళ్ళకు ఒళ్ళు తేలికైంది.

ఇంటికి నడిచి వస్తూ భార్య వీధి మలుపులో ఆగింది.

"ఎదురుగా మనిషుంటే చాలని నిన్న పాస్టరుగారు అన్నారుగా. ఇన్నేళ్ళూ నేను పక్కనే నిలబడ్డాను కదండీ. ఒక్కసారి నా వైపు తిరిగి చెప్పాలని మీకు తోచలేదా?"

మాస్టారు ఆవిడ వైపు తిరిగాడు. ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.