సైరన్ మోగిందని చెప్పాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మింగలేకా కక్కలేకా బతుకుతున్నాను. దాన్ని మోస్తూనే పెళ్ళి చేసుకున్నాను. దాన్ని మోస్తూనే షాపుకి కొత్త బోర్డు పెట్టించుకున్నాను. పగలు పనిలో పడి మరిచిపోయినట్టే ఉంటుంది. ఎవరైనా ఫోన్ చేసి "మెషీన్ బాగానే ఉందాండీ?" అని అడిగారంటే చాలు, అది మళ్ళీ ఎదురొచ్చి నిలబడుతుంది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మాత్రం మీకు చెప్పకుండా జాగ్రత్తపడుతున్నాను కూడా. ఆ జాగ్రత్తను బట్టే నేనెలాంటివాణ్ణో మీకు కొంత అర్థమయ్యే ఉంటుంది. అయినా మొత్తం చెబుతాను, వినండి.

మాది తాడేపల్లిగూడెం. ఏలూరులో కంప్యూటర్ల షాపు నడుపుతున్నాను. కంప్యూటరుని నడిపించడానికి అందరూ విండోస్ అంటే నేను లైనెక్స్ అంటాను. వైరస్‌లు పట్టవు, నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది. ఆ రోజుల్లో ఎవరు దొరికినా దాని గురించి జోరీగలా చెవిలో వాయించేవాణ్ణి. నా పనితనం మీద నాకు అంత నమ్మకం ఉండేది.

కైకలూరు అవతల కొల్లేటి అంచున ఒక ఆసామికి చేపల చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి పెంచుతాడు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పటికప్పుడు ఏరేటర్లు తిప్పి నీళ్ళు చిలకకపోతే చెరువు మొత్తం చచ్చిపోతుంది. అది ముందే కనిపెట్టడానికి ఆయన ఒక మీటరు కొన్నాడు. ఆక్సిజన్ పడిపోతే షెడ్డులో సైరన్ మోగాలి. చిక్కేమిటంటే, ఆ మీటరు సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప నడవదు, ఆ పాత కంప్యూటరేమో వారానికి రెండుసార్లు మొరాయిస్తుంది. నన్ను పిలిచారు.

నేను చేసిందిది. ఒక లైనెక్స్ కంప్యూటరు పెట్టాను. దాని కడుపులో ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు తయారుచేశాను. వర్చువల్ మెషీన్ అంటారు. ఆ ఉత్తుత్తిదానిలో పాత విండోస్, అందులో ఆక్సిజన్ సాఫ్ట్‌వేర్. దాన్ని సర్వీసుగా నడిపించాను. అంటే ఎవరూ లాగిన్ అవ్వక్కర్లేదు, ఎవరూ చూస్తూ కూర్చోనక్కర్లేదు, వెనకాల తన పని తాను చేసుకుపోతుంది. షెడ్డులో దుమ్మూ తేమా ఎక్కువని తెర కూడా తీసేశాను. పెట్టె ముందు ఒక చిన్న పచ్చ దీపం మాత్రం వెలుగుతూ ఉండేది.

ఇలాంటి సర్వీసుకి రెండు ఆజ్ఞలివ్వాలి. ఒకటి స్టార్ట్, ఇప్పుడు మొదలవ్వు అని. రెండోది ఎనేబుల్, కరెంటు పోయి వచ్చినా, కంప్యూటరు ఎప్పుడు లేచినా నీ అంతట నువ్వే లేవాలి అని. రెండూ ఇచ్చాక మొత్తం ఒకసారి ఆపి, మళ్ళీ వేసి, లేస్తోందో లేదో చూడాలి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.

ఆసామి పంతులుగారి చేత ముహూర్తం పెట్టించాడు. పది నలభైకి. పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ నిమిషానికి సరిగ్గా నేను స్టార్ట్ కొట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకసారి ఆపి వేసి చూస్తానండీ అన్నాను. "శుభమా అని ముహూర్తానికి లేచినదాన్ని ఆపుతారటండీ ఎవరైనా?" అన్నాడాయన. నవ్వేసి ఊరుకున్నాను. మళ్ళీ వారం వచ్చి చూసుకుందాంలే అనుకున్నాను. ఆ వారం రాలేదు. ఎనేబుల్ అన్న ఆ ఒక్క మాట కొట్టడం మరిచిపోయానన్న సంగతి కూడా తెలియలేదు.

చాలాకాలం తప్పంతా ముహూర్తం మీద తోసి నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ ముందురోజు షాపులో పరీక్ష చేసుకోవద్దని ఏ పంతులుగారు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బద్ధకం నాది. పొగరు నాది.

ఇప్పుడు ఏడుకొండలు బాబాయ్ గురించి చెప్పాలి. ఇందాకట్నుంచీ మిగతావన్నీ చెప్పి ఆయన దగ్గరికి రాకుండా తప్పించుకుంటున్నాను.

ఆయన ఆ చెరువుల కాపలాదారు. కొల్లేటి లంక ఊళ్ళో పుట్టాడు, చేపల మధ్యే పెరిగాడు. యాభై దాటాయి. మీటరు రాకముందు ఆ చెరువులకు మీటరు ఆయన చెవులే. చేపలు తేలితే అన్నం ఉడుకుతున్నట్టు చిన్న చప్పుడొస్తుందని, గట్టు మీద ఎక్కడున్నా అది తనకు వినపడుతుందని చెప్పేవాడు. నిజమే, పక్క చెరువులవాళ్ళు కూడా ఆ మాట చెప్పారు. కాపలాలో ఉండగా కన్ను మూయనని ఆయనకు చాలా గర్వం. అలాంటి మనిషికి నేను పాఠం చెప్పాను. ఇక గట్టు చుట్టూ తిరగక్కర్లేదు బాబాయ్, షెడ్డులో కూర్చోండి, పచ్చ దీపం వెలుగుతుంటే అంతా బాగున్నట్టే, సైరన్ మోగితే ఏరేటర్ల స్విచ్చి వెయ్యండి చాలు అన్నాను. ఆసామి కూడా అదే హుకుం చేశాడు. బాబాయ్ తల ఊపాడు.

ఆ శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఒక సాయంత్రం కరెంటు పోయి చాలాసేపటికి వచ్చింది. కంప్యూటరు తిరిగి లేచింది, పచ్చ దీపం వెలిగింది. దాని కడుపులోది మాత్రం లేవలేదు. లేవమని నేను చెప్పలేదు కదా. ఏడుకొండలు బాబాయ్ దీపం చూసుకుని, చెప్పినట్టే షెడ్డులో కూర్చున్నాడు. రేకుల మీద వాన. తెల్లారి చూస్తే పెద్ద చెరువు నిండా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఇంకో పది రోజుల్లో పట్టుబడి చేసి అమ్మాల్సిన చేపలు.

ఫోన్ రాగానే బండి మీద వెళ్ళాను. దారిలోనే నాకు అనుమానం. షెడ్డులో తెర తగిలించి చూశాను. సర్వీసు ఆగిపోయి ఉంది. పక్కనే డిసేబుల్డ్ అన్న మాట. ఎనేబుల్ కొట్టలేదని అప్పుడు అర్థమైంది. నా వెనకాల ఆసామి, ఆయన వెనకాల తడిసిపోయి ఏడుకొండలు బాబాయ్. తెర మీద ఉన్నది ఇంగ్లీషే, కానీ నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మూడు నిమిషాల్లో స్టార్ట్ కొట్టాను, ఎనేబుల్ కొట్టాను.

ఆసామి అడిగాడు. "మోగిందా లేదా, అది చెప్పండి చాలు."

"మోగిందండీ" అన్నాను. "మెషీన్ శుభ్రంగా నడుస్తోంది, చూడండి."

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏం ఏడుకొండలూ?"

"నాకైతే వినపళ్ళేదండీ" అన్నాడు బాబాయ్. నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉన్నా బాగుండేది. లేదు. "బాబుగారు చదువుకున్నోరు కదండీ. మోగిందంటే మోగే ఉంటదండీ. నా చెవులే పోయినట్టున్నాయి."

ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే? ఆసామి తిట్టేవాడు. మహా అయితే చుట్టుపక్కల చెరువులవాళ్ళు నన్ను పిలవడం మానేసేవారు. వేరే పని చూసుకునేవాణ్ణి. అంతే కదా? అంత చిన్నదానికా నేను ఒక మనిషిని బలిపెట్టాను? ఎన్నిసార్లు లెక్కేసినా జవాబు అదే వస్తోంది. వాళ్ళు బయటికి వెళ్ళాక ఇంకో పని చేశాను. ఏ గంటకి ఏం జరిగిందో లైనెక్స్ ఒక్కటీ వదలకుండా రాసి పెట్టుకుంటుంది. ఆ రాతంతా చెరిపేశాను. మరుపు పొరపాటు కావచ్చు, ఇది పొరపాటు కాదు.

ఆ రోజే బాబాయ్‌ని పనిలోంచి తీసేశారు. కైకలూరు చుట్టుపక్కల మాట పాకిపోయింది. చెవిటివాణ్ణి కాపలాకి ఎవరు పెట్టుకుంటారు? ఎక్కడికి వెళ్ళినా అందరూ ఆయనతో అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. భార్య నాంచారమ్మగారు కూడా అరిచేవారు. ఆయన కూడా ఏ మాటైనా రెండోసారి అడిగేవాడు. మొదటిసారి వినపడక కాదు, విన్నది నిజమో కాదో నమ్మకం లేక.

ఏడాది చూశాను. తట్టుకోలేకపోయాను. నిజం చెప్పే ధైర్యం లేక పుణ్యం చేద్దామని బయలుదేరాను. ఆయన్ని ఏలూరు తీసుకొచ్చి చెవుల డాక్టరుకి చూపించాను. పరీక్ష చేసి, ఈ వయసులో ఇంత బాగా వినపడేవాళ్ళు తక్కువండీ అన్నారు డాక్టరుగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక చెవిటి ముద్ర పోతుంది, మళ్ళీ కాపలా పని దొరుకుతుంది అనుకున్నాను. బస్టాండులో టీ తాగుతూ చూస్తే ఆయన ముఖం పాలిపోయి ఉంది. చివరికి, చెవులు బాగుంటే మరి నేను నిద్రపోయినట్టే కదండీ అన్నాడు.

చెవుడు ఆయనకు ఒక ఆసరాగా ఉండేదని నాకప్పుడు తెలిసింది. దేవుడు చేసిందని సరిపెట్టుకునేవాడు. నేను దయ తలచి ఆ ఆసరా కూడా తీసేశాను. ఆ వారంలోనే ఆయన ఆసామి ఇంటికి వెళ్ళి, అరుగు ముందు నిలబడి, నలుగురూ వింటుండగా, నిద్రపోయానండీ, ఇన్నాళ్ళూ నిద్రపోలేదని బొంకాను, క్షమించండి అని చేతులు జోడించాడట. ఆ మాట ఆసామే నాకు ఫోన్‌లో చెప్పాడు, మనిషి మంచోడేనండీ, ఒప్పుకున్నాడు అని. నేను ఒప్పుకోవాల్సింది ఆయన ఒప్పుకున్నాడు. చెయ్యని తప్పుకి. నేను "అవునా అండీ" అని ఫోన్ పెట్టేశాను.

నిద్రపోయానని తన నోటితోనే చెప్పుకున్న మనిషికి ఎవరూ కాపలా ఇవ్వరు. ఇప్పుడు కైకలూరులో ఒక ఐసు కొట్టులో గడ్డలు మోస్తున్నాడు.

ఈమధ్యే అక్కడికి వెళ్ళాను. ఎలాగైనా చెప్పెయ్యాలని వెళ్ళాను. కొట్టు పక్కన రద్దీ తగ్గాక కూర్చోబెట్టి అంతా చెప్పాను. స్టార్ట్, ఎనేబుల్, ముహూర్తం, చెరిపేసిన రాత, అన్నీ. ఏడ్చాను కూడా. ఆయన ఓపిగ్గా విన్నాడు. భుజం మీద చల్లటి చెయ్యి వేశాడు.

"నా కోసం తప్పు మీ మీద వేసుకోకండి బాబూ" అన్నాడు. "డాక్టరు దగ్గరికి కూడా మీరే తీసుకెళ్ళారు. మీ మనసు నాకు తెలుసండీ."

నిజమండీ బాబాయ్, ఒట్టు అన్నాను. నవ్వి లేచాడు. లోపలికి లారీ వచ్చింది. ఆయన్ని నమ్మించడానికి నా దగ్గర ఏమైనా ఉంటేనా? ఆ రాత చెరిపింది నేనే. ఇప్పుడు నా మాట తప్ప ఇంకేం లేదు, నా మంచితనం మీద ఆయనకున్న నమ్మకం ముందు ఆ మాట చెల్లలేదు.

ఆసామికి చెప్పానా? లేదు. ఆయన వెంటనే నమ్ముతాడు. అందుకే చెప్పలేదు. నమ్మని మనిషికి ఏడుస్తూ చెప్పగలిగాను, నమ్మే మనిషి ఇంటి దాకా వెళ్ళి రెండుసార్లు బండి తిప్పుకుని వచ్చేశాను. ఇప్పటికీ ఆయన చెరువుల మెషీన్లు నేనే చూస్తున్నాను. రేపు వెళ్తానని మీకు మాటివ్వను. నా సంగతి నాకు తెలుసు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడానికి మీకు హక్కూ లేదు. ఎక్కడో ఒకచోట ఈ మాట పూర్తిగా రాసి ఉంటే చాలనిపించింది. సైరన్ మోగలేదు. ఏడుకొండలు మెలకువగానే ఉన్నాడు.