పూజకు వేసిన రంగు

కొరాపుట్ నుంచి రాయగడ దాకా ఏ మీటరు మొరాయించినా నేను చెయ్యి వేస్తే చాలు, బుద్ధిగా ఉంటుందని మా మనవలకు చెబుతుంటాను. అదంతా కోతే. ఉద్యోగంలో ఉండగా ఒకసారి మా పంపుహౌసులో నీళ్ల ప్రవాహం కొలిచే మాగ్నెటిక్ మీటరు అంకెలు పది రోజులు కోతుల్లా గెంతితే నాకేమీ పాలుపోలేదు. సోమవారానికి సరిచెయ్యకపోతే ఇక పనిలోకి రావద్దన్నారు.

జయపురం బస్సులో పక్కన కూర్చున్న ఒక వెల్డరుతో ఆ గోడు వెళ్లబోసుకున్నాను.

“ఎప్పుడు మొదలైనాది బావూ?” అని అడిగాడు.

“ఇస్వకర్మ పూజ మర్నాడు.”

“పూజకి రంగులేసేరేటి?”

“ఎయ్యకుంటానేటి? మీటరుకీ, పైపుకీ, రెండిటినీ కలిపే రాగి ఎర్తు పట్టీకీ, అన్నీ ఇప్పి నేనే ఏసేను.”

ఆయన నవ్వి, జేబులోంచి తాళంచెవి తీసి, ముందు సీటు కమ్మీ మీది రంగును ఇనుము మెరిసేదాకా గీకాడు.

“రంగు మీద ఎర్తు పట్టదు బావూ. నానయితే వెల్డింగుకి ముందు ఇలాగ గీకేస్తాను.”

మర్నాడు ఎవరూ చూడకుండా పట్టీకీ, దాని కిందా రంగు గీకేసి బిగించాను. అంకె కదలకుండా నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆఫీసులో మాత్రం మీటరు లోపల పెద్ద దోషం పట్టానని చెప్పాను. రిటైరయ్యాక కూడా పూజకు పిలిస్తే, ప్రసాదం కంటే ముందు ఆ పట్టీనే చూసొస్తాను.