చాయ్ లేని ఏకాదశి

నా కడుపు బాధకు ఒక పేరున్నదన్న కబురు మొదలు తెచ్చింది మా పక్కింటి మరాఠీ అక్క, కుసుమ తాయి. నాందేడ్‌ల మా రైల్వే క్వార్టర్ గోడకు ఆనుకొనే ఆమె వంటిల్లు. వాళ్ల చెల్లెలికి నా అసొంటి తిప్పలే ఉండెనట, హైదరాబాదుల సంచిలకు గాలి ఊదిచ్చి పరీక్ష చేసిండ్రట. "తుఝం పణ్ తసంచ్ అసేల్ గ," అన్నది, నీది గూడ అదే కావచ్చు అని. నాకు కండ్ల నీళ్లు వచ్చినయి. అప్పటిదాకా అందరు నాకేం లేదనే చెప్పిండ్రు.

ఏదో తేడా ఉన్నదని మొదటిసారి అనిపించింది అంతకు ముందు ఏడాది. పొద్దున దేవుని ముందట దీపం ముట్టిచ్చి లేవబోతే కడుపు ఉబ్బి చీర కుచ్చిళ్ల కాడ బిగుసుకున్నది. అప్పటికి ఒక్క ముద్ద కూడ తినలేదు. మా అత్తమ్మ రాజవ్వ చూసి, "ఏందే, ఈ వయసుల నాకు ఇంకో మనుమడా?" అన్నది. ఇద్దరం నవ్వినం.

తర్వాత నవ్వులు తగ్గినయి. ఏం తిన్నా ఉబ్బుడు, తేన్పులు, మోషన్స్. గాజులు మోచేతి దాక జారుతుండె. ఏండ్ల నుంచి మింగుతున్న గ్యాస్ గోలీలే ఇంకో రెండు ఎక్కువ మింగిన. ఇక్కడి దవాఖానల స్టూల్ టెస్ట్, సోనోగ్రఫీ, ఎండోస్కోపీ అన్నీ నార్మల్ వచ్చినయి. "కాహీ నాహీ, టెన్షన్ ఘేఊ నకా," అన్నడు డాక్టరు. ఏం లేదు, టెన్షన్ పడకండి అని. మంచి మనిషే, ఆయనకు కనబడింది ఆయన చెప్పిండు.

కుసుమ తాయి మాట పట్టుకొని నేను, మా ఆయన హైదరాబాదు పోయినం. బ్రెత్ టెస్ట్‌కు ముందు రోజు వట్టి తెల్లన్నమే తినుమన్నరు. తెల్లారి తీపి నీళ్లు తాపి, కొంచెం కొంచెం సేపటికి గాలి ఊదిచ్చిండ్రు. నేను బడి మొఖం చూడలేదు, మా నాయన ఇంట్లనే పలక మీద దిద్దిచ్చి సదువు చెప్పిండు. ఆ డాక్టరు కూడ మా నాయన లెక్కనే కాగితం మీద పేగు గీసి చూపెట్టిండు.

"చిన్న పేగులో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బ్యాక్టీరియా చేరిందమ్మా. బ్యాక్టీరియల్ ఓవర్‌గ్రోత్, సిబో అంటాం. మీ గ్యాస్ గోలీలు కూడా ఒక కారణం కావచ్చు. యాంటిబయాటిక్ కోర్సు రాస్తున్నా. కానీ గోలీలతో అయ్యేది సగం పనే. తర్వాత పేగు కుదుటపడాలి. మెత్తటి తిండి తినండి, తిండికి తిండికి మధ్య గ్యాప్ ఇవ్వండి, కడుపుకి రెస్ట్ ఇవ్వండి."

అత్తమ్మ నన్ను పొయ్యి కాడికి రానియ్యలేదు. మెత్తటి అన్నం, పల్చటి పెసరుపప్పు, ఉడికిన అనపకాయ. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ బంద్. మా ఆయన కంచం చూసుకొని, "రోగం దీనికా, ఇంటికా?" అన్నడు. "తిను, నీ పొట్ట గూడ లోపటికి పోతది," అన్నది అత్తమ్మ.

కోర్సు అయిపోయేసరికి కడుపు తేలికైంది. ఇది దేవుడు చేసిన మేలే అనుకొని, మొక్కు కింద గురువారాలు ఉపాసం పట్టిన. ఏకాదశులు పెండ్లయిన కాడి నుంచి అత్తమ్మతోటి ఉంటనే ఉన్న. ఆ మీద శ్రావణం వచ్చింది, సోమవారాలు కూడ కలిసినయి. కడుపుకు రెస్ట్ అన్నడు గద, ఉపాసం కంటె పెద్ద రెస్ట్ ఏముంటది అనుకున్న.

శ్రావణం ఒడిసే వరకు మళ్ల అదే ఉబ్బుడు, అవే మోషన్స్. ఈసారి తొందరగా చిక్కిన. మళ్ల హైదరాబాదు పోయినం.

"నిన్న ఏం తిన్నారు?" అని అడిగిండు డాక్టరు.

"నిన్న ఉపాసం సార్, ఏం తినలే."

మా ఆయన పక్క నుంచి, "సాబుదానా ఖిచ్డీ తిన్నది సార్. పల్లీలు ఏసి," అన్నడు.

"ఏం తినలేదన్నారు కదమ్మా?"

"అది ఉపాసం తిండి సార్."

ఆయన పెన్ను కింద పెట్టి ఒక్కొక్కటే అడిగిండు. సగ్గుబియ్యపు సాబుదానా, పల్లీల పులుసు, చిలగడదుంప, ఆలుగడ్డ. నాందేడ్‌ల ఉపాసమంటే ఇవే. మా ఇంట్ల ఎవ్వరం వీటిని తిండి కింద పట్టలేదు. "కుదుటపడని పేగుకి ఇవన్నీ బరువమ్మా. ఇప్పుడు వద్దు," అన్నడు. వట్టి కడుపుతోటి ఉంట సార్ అన్న. "మీ బరువు చూశారా? వట్టి కడుపుతో ఉండటానికి కూడా బలం కావాలి."

తిరుగు బండి బాసర కాడ గోదావరి మీదికి వచ్చినంక అందరు కిటికీలకెళ్లి పైసలు ఏస్తున్నరు. నేను చేతులు జోడిచ్చి, ఏకాదశి ఇడిసిపెట్టుడు ఎట్ల స్వామీ అని అడిగిన. తింటే వ్రతం పోతది, తినకుంటే పానం నిలిచేటట్టు లేదు.

ఏకాదశి వచ్చింది. స్నానం చేసి వచ్చేసరికి అత్తమ్మ రెండు కంచాలల్ల మెత్తటి అన్నం పెట్టుకొని కూసున్నది. చిన్నప్పటి నుంచి ఏకాదశి నాడు ఒక్క మెతుకు ముట్టని మనిషి.

"అత్తమ్మా, నువ్వెందుకు? పాపం నాతోటి పోనీ."

"ఒక్కదానివి తింటే నీకు దిగదు. ఇన్నేండ్ల సంది నిన్ను చూస్తలేనా?" అన్నది. మళ్ల తనే, "ఏకాదశికి ఏదన్నొకటి ఇడిసిపెట్టాలె గద, అన్నం కాకుంటె ఇంకోటి ఇడిసిపెడదాం. ఇయ్యాల చాయ్ బంద్."

మా అత్తమ్మకు చాయ్ లేకుంటే పొద్దు పొడవది. పగటి వరకు తలకు గుడ్డ కట్టుకొని పండుకున్నది. "సాబుదానా ఇడుసుడు సులువుగనే ఉండె. ఇదీ అసలు ఉపాసం," అని మూలిగింది. మా ఆయన కావాలని ఆమె ముందటనే గిలాస పట్టుకొని సప్పుడు చేసుకుంట తాగిండు. "తాగు బిడ్డా, నీకు పుణ్యం అక్కరలేదు," అన్నది.

ఇంకో కోర్సు నడిచింది, బి ట్వెల్వ్ తక్కువున్నదని ఇంజెక్షన్లు ఇచ్చిండ్రు. ఒక్కొక్కటే తిండిలకు తెచ్చుకున్నం. మొదలు చెంచెడు సల్ల, కొన్నాళ్లకు జొన్నరొట్టె ముక్క. పడనినాడు మళ్ల వెనుకకు. జొన్నరొట్టె అరిగిన నాడు అత్తమ్మ దేవుని ముందట బెల్లం పెట్టింది. ప్రతి ఏకాదశికి రెండు కంచాలు పెట్టింది. నేను బాగైనంక కూడ ఆపలేదు.

పోయిన చలికాలం ఆమె నిద్రలనే వెళ్లిపోయింది. ఇప్పుడు నేను రొట్టె తింటున్న, పెరుగు తింటున్న, అన్నం తిన్నంక కొంచెం దూరం నడుస్తున్న. గ్యాస్ గోలీ డాక్టరును అడగకుండ మింగుత లేను. డాక్టర్లకు, కుసుమ తాయికి, దేవునికి రోజూ దండం పెట్టుకుంట.

మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు ఏం తిన్నవని అడిగితే ఉపాసం తిండి, ప్రసాదం, నోట్లె ఏసుకున్న పల్లీ గింజ కూడ చెప్పుండ్రి. మనం తిండి కాదనుకున్నా పేగుకు అది తిండే.

ఏకాదశి నాడు నేను ఇప్పటికీ చాయ్ తాగ. పగటి వరకు తల నొస్తది, గుడ్డ కట్టుకుంట. మీరు ఆ రోజు చాయ్ గిలాస చేతుల పట్టుకుంటే, తాగే ముందు ఒక్కసారి మా అత్తమ్మ రాజవ్వను యాది చేసుకోండ్రి.