దొరను దాటించిన రోజు

ఆ గుర్రాలశాలలో గుర్రాల్ని సాకే ఆయన్ని అందరూ మామయ్య అనే పిలిచేవాళ్లు, యజమానితో సహా. మామయ్యకి పిల్లల్లేరు. దొర ఉన్నాడు. దొర అంటే మనిషి కాదండోయ్! పందేలు గెలిచి గెలిచి, చివరికి ఆడగుర్రాలకి కట్టించడానికి ఉంచిన పోతుగుర్రం. "నన్ను కట్టుకున్నావా, దాన్ని కట్టుకున్నావా?" అని దెప్పుతూనే మామయ్య భార్య దొరకి క్యారెట్లు తరిగి పంపేది.

ఆ ఏడు దొరకి వెనక తుంటి పాడైంది. ఆడగుర్రం మీదికి లేవలేకపోయాడు. "వీర్యం తీసి ఆడదానికి ఎక్కిద్దాం, వీడికి శ్రమ ఉండదు," అంది పశువుల డాక్టరమ్మ. కానీ పందెపు గుర్రాలకి ఆ దారి లేదు. ఆడా మగా నేరుగా కలిసి పుట్టిన పిల్లనే పందెంలోకి రానిస్తారు. గొట్టంతో పుట్టింది ఎంత గాలిలా పరిగెత్తినా పెరట్లో పరిగెత్తుకోవాల్సిందే. ఏం చోద్యమో!

"దాటలేని గుర్రానికి దాణా దండగ," అన్నాడు యజమాని. "ఈ ఎదకి చూద్దాం. కాకపోతే మందిచ్చి నిద్రపుచ్చేద్దాం."

మామయ్య పార తీసుకుని, ఆడగుర్రం నిలబడే చోట నేల లోతుగా తవ్వాడు. అది పల్లంలో ఉంటే దొర అంత ఎత్తుకి లేవక్కర్లేదు కదా అని.

"ఆ తుంటి ఆగదు మామయ్యా," అని డాక్టరమ్మ బతిమాలింది.

"ఒక్కసారికి ఆగుతుందిలేమ్మా." పాడు ఆశ, మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది.

దొర పల్లం ముందుకొచ్చి ఆగిపోయాడు. ఆడగుర్రాన్ని చూశాడు, మామయ్యని చూశాడు, వెనక్కి తగ్గాడు. తన కాలి సంగతి తనకి తెలుసు పాపం. "రా నాయనా, నేనున్నాగా," అన్నాడు మామయ్య, పగ్గం వదులు చేస్తూ. ఆ గొంతు విని దొర లేచాడు. పని అయింది. హమ్మయ్య అనుకునేలోపే, దిగుతూ దిగుతూ కాలు మడతపడి కూలిపోయాడు. తుంటి విరిగింది. డాక్టరమ్మ ఆఖరి మందు ఎక్కిస్తున్నంతసేపూ దొర తల మామయ్య ఒళ్లోనే ఉంది.

ఆడగుర్రం చూలు నిలిచింది. మరుసటి ఏడు పిల్ల పుట్టింది, అచ్చం తండ్రి పోలిక. యజమాని ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "దీన్నీ నువ్వే పెంచాలి మామయ్యా!" అన్నాడు. మామయ్య ససేమిరా అన్నాడు. గడ్డిబండి తోలే పని అడిగి తీసుకున్నాడు.

"పసిది ఏం పాపం చేసిందయ్యా? ఒక్కసారి చూసి రాకూడదూ?" అంది భార్య.

"వెళ్లానే. ఊరికే, రా నాయనా అన్నాను." అన్నాడు మామయ్య. "నేనెవరో కూడా తెలీదు దానికి. పిలవగానే పరిగెత్తుకొచ్చేసిందే!"