రాని వీసాకు సాక్ష్యం

మొన్న మస్కట్ బౌషర్‌లో మా ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ తాగుతుంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న మన కోస్తా నర్సమ్మాయి ఫోనులో వార్తలు చూస్తూ, అమెరికా మళ్ళీ ఊపు మీదుందట ఆంటీ, నర్సుల్ని తీసుకుంటారట అంది. ఊపు మీదుంటే ఉయ్యాలెక్కు, నాకెందుకు చెప్తావు అన్నాను. పాపం, ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నా నోరంతే. టీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను గానీ బాధ అని చెప్పుకోదగ్గదేదీ కలగలేదు. మత్తిచ్చిన చోట గిల్లితే తాకినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు చూడండి, అలా ఉంది.

ఇదివరకొకసారి అమెరికా ఇలాగే పొంగింది, మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ఆసుపత్రుల మీద ఆసుపత్రులు లేచి, రోగి మంచం పక్కన నిలబడే మనిషి దొరక్క, గల్ఫులో ఉన్న మన నర్సుల మీద ఏజెంట్ల కళ్ళు పడ్డ రోజులవి. నేను, మా అక్క, నాకు వదిన వరసయ్యే మేనమామ కూతురు, ముగ్గురం ఒమాన్ లోపలి ఊరు ఇబ్రిలో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తూ ఒకే క్వార్టర్లో ఉండేవాళ్ళం. వాళ్ళిద్దరూ నర్సులు, నాది ల్యాబు. ఆ పందెంలో ల్యాబు వాళ్ళకు చోటు లేదు కాబట్టి, గట్టు మీద కూర్చుని వంకలు పెట్టే ఉద్యోగం ఎవరూ ఇవ్వకుండానే చేశాను. వాళ్ళు డ్యూటీ నుంచి వచ్చి అమెరికా నర్సు పరీక్ష పుస్తకాలు పరుచుకుంటే వంట నాది, సణుగుడూ నాదే. ఇద్దరూ పాసయ్యారు. వదిన ఏజెంటు చురుకైనవాడు, ఆమె వీసా ముందొచ్చింది. అక్కది వెనక నడుస్తోంది. అప్పటికి బావ పక్షవాతంతో పాలకొల్లులో మంచాన ఉన్నాడు, పిల్లలు హాస్టల్లో ఉన్నారు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది అక్క జీతంతోనే.

శుక్రవారం ఒక ఫ్లాటు హాల్లో, చాపల మీద మా తెలుగు ప్రార్థన కూడిక జరిగేది. వారమంతా ఒక కంపెనీ స్టోరులో పనిచేసే ఆయనే శుక్రవారం మాకు పాస్టరు అయ్యగారు. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం, మిగతావాళ్ళం ఆమెన్ అనడం మా అలవాటు. వదిన సాక్ష్యం చెప్పి అందరికీ బిర్యానీ పెట్టిన రోజు, చేతికొచ్చాక కృతజ్ఞత ఎవరైనా చెప్తారు, రాకముందే చెప్పేది కదా విశ్వాసం అన్నారు అయ్యగారు. ఆయనా చెడ్డవాడు కాదు, ఊపులో అన్నాడు. అక్క ఆ మాట మనసుకెక్కించుకుంది. మరుసటి వారం లేచి, నాకు వీసా ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అనేసింది. హాలంతా ఆమెన్ అంటే నేనొక్కదాన్నీ నోరు మూసుకున్నాను. జీవితంలో మూసుకున్నది ఆ ఒక్కసారే.

దారిలో పట్టుకున్నాను.

"ఏదే నీ వీసా? ఇచ్చాడంటున్నావు, ఏదీ చూపించు."

"ప్రార్థనలో కూడా మైక్రోస్కోపు పెట్టకే తల్లీ," అంది అక్క.

వదిన పకపకా నవ్వి, "మా మరదలికి దేవుడైనా సరే ముందు శాంపిల్ ఇవ్వాల్సిందే," అంది.

ఆ నవ్వుతో పోతే బాగుండేది. కానీ వీసా వచ్చిందని అందరిముందూ చెప్పిన మనిషి పాత ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడితే, ఆ సాక్ష్యం అబద్ధమవుతుందని అక్క రాజీనామా ఇచ్చేసింది. నేను అరిచాను, అన్నం మానేశాను, ఊరికి ఫోన్ చేసి అమ్మ చేత తిట్టించాను. వినలేదు. వదిన విమానమెక్కింది. అక్క నోటీసు గడువు ఇంకా నడుస్తుండగానే, వీసాల కోటా నిండిపోయిందని, వరస ఆగిపోయిందని కబురొచ్చింది. అక్కడ కరువొచ్చి కాదు సుమండీ, నర్సుల అవసరం తీరీ కాదు. అందరూ ఒకే గుమ్మంలోంచి తోసుకుంటే వెనకున్నవాళ్ళు బయటే ఉండిపోయారు, అంతే. నేను మేట్రన్ గదికి వెళ్ళి పోట్లాడాను. అప్పటికే అక్క పోస్టు చదువు ముగించుకొచ్చిన ఒక ఒమానీ అమ్మాయికి ఇచ్చేశారు. మీ అక్కే కదా రాసిచ్చింది అంది మేట్రన్.

ఊరికి తిరిగెళ్ళే అక్కకు వీడ్కోలు కూడిక కూడా పెట్టారు. వదిన గెలుపును దీవెన అన్న నోళ్ళే అక్కది విశ్వాసం చాలకపోవడమని గుసగుసలాడాయి. ఇద్దరూ చదివింది అవే పుస్తకాలు కదమ్మా, తేడా ఏజెంట్ల కాళ్ళలో ఉందిగానీ మోకాళ్ళ ప్రార్థనలో లేదుగా అని అక్కడే అడిగేశాను. అక్క నా చెయ్యి నొక్కి, వద్దులేవే అంది. మస్కట్ ఎయిర్‌పోర్టులో నేను ఏడుస్తానని వెంట వచ్చినవాళ్ళు చూశారు. రాలేదు. ఆ ఏడుపు ఇప్పటికీ రాలేదు.

వదిన గెలిచింది, కాదని వాదించను. ఇల్లు కొనుక్కుంది, పిల్లలు మంచి చదువులు చదివారు. అక్క పాలకొల్లులో ఒక నర్సింగ్ హోమ్‌లో మోకాళ్ళు అరిగేదాకా పనిచేసింది.

ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్ళు. ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో రూమ్‌లో పక్క మంచం మీదున్నదానికీ చెప్పరు. అక్కడ దిగాక స్టేటస్‌లో ఫోటో చూసి తెలుసుకోవాలి మనం. మంచి పనే, నేను కోరింది ఇదే. అయినా ఎవరి ఆశ ఏమిటో హాలంతటికీ తెలిసిన ఆ చాపలు ఇక లేవు, మనిషి పక్కన మనిషి ఊరికే కూర్చుంటోంది. పోయినేడు ఊరెళ్ళినప్పుడు అక్కతో చర్చికి వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పేవారు లేచి నిలబడండి అని అక్కడి పాస్టరు పిలిస్తే, అక్క పాటల పుస్తకం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, తర్వాతి పాట వెతుక్కోవడం మొదలుపెట్టింది.